పేస్‌మేకర్‌కి ఐదు స్టార్లు, చెకప్‌కి ఒకటి

మిషన్‌కి ఐదు స్టార్లు. ఆపరేషన్‌కి నాలుగు, డిశ్చార్జి కాగితాల కోసం పొద్దుపోయేదాకా కూర్చోబెట్టారు కాబట్టి. ఆ తర్వాత అదే ఆస్పత్రిలో చేసిన చెకప్‌కి మాత్రం ఒకటి ఇవ్వడానికి కూడా మనసొప్పడం లేదు.

నేను రాజమండ్రిలో పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం మానినా సైకిల్ మానలేదు. పొద్దున్నే గోదావరి గట్టు మీదుగా కోటిలింగాల రేవు దాకా వెళ్తాను, ఓపికుంటే రోడ్డు కం రైలు వంతెన ఎక్కుతాను. నాడి 38కి పడిపోయి కళ్ళు తిరుగుతుంటే, గుండె వేగాన్ని నడిపించే సైనస్ నోడ్ మందగించిందని, రెండు లీడ్ల (గుండెలోకి వెళ్ళే సన్నటి తీగల) ద్వారా కరెంటిచ్చి గుండెని కొట్టించే పేస్‌మేకర్ పెట్టారు. ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తొద్దన్న వారాల్లో చొక్కా తొడగడానికి మా ఆవిడ ఉండాల్సి వచ్చింది. అదొక్కటే ఇబ్బంది. కళ్ళు తిరగడం ఆపరేషన్ రోజుతోనే పోయింది.

పేచీ సైకిల్ ఎక్కాక మొదలైంది. చదును రోడ్డు మీద పర్లేదు. వంతెన ఎత్తు రాగానే కాళ్ళు పీకేసి, ఊపిరి అందేది కాదు. దిగి నాడి పట్టుకుంటే 60 దగ్గరే ఉంది! అంత తొక్కినా గుండెకి చీమ కుట్టినట్టు కూడా లేదు.

చెకప్‌లో ఈ మాట చెప్పాను. ఛాతీ మీద పరికరం ఆనించి, తెర చూసి, కాగితం చించి ఇచ్చారు. ‘బ్యాటరీ బావుంది, లీడ్లు బావున్నాయి, అంతా నార్మలే.’ ఆయాసం సంగతేంటండీ అంటే ‘వయసు కదా అంకుల్.’ ఫీజు రసీదు మాత్రం ఠంచనుగా వచ్చింది.

వైజాగ్‌లో మా అమ్మాయి ఇంటి దగ్గరున్న ఆస్పత్రికి వెళ్ళాక అసలు సంగతి తెలిసింది. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి మిషన్ ముట్టుకోకముందే అడిగింది, ‘అంకుల్, మీరు రోజూ ఏమేం చేస్తారు?’ సైకిల్ అనగానే నవ్వి, తెర నా వైపు తిప్పింది. కొన్ని నెలలుగా నా గుండె ఏ వేగంతో ఎంతసేపు కొట్టుకుందో గీతల్లో ఉంది. 60, 70 మధ్య తాటిచెట్టంత గీత ఒకటి, దాని పక్కన గడ్డిపరకలు.

నా మిషన్‌లో ఉన్నది కదలికను బట్టి పనిచేసే సెన్సర్. నడిస్తే ఛాతీ ఊగుతుంది, అది గమనించి వేగం పెంచుతుంది. సైకిల్ మీద కష్టమంతా కాళ్ళదే, ఛాతీ కదలదు. కాబట్టి నేను కుర్చీలో కూర్చున్నానని దాని లెక్క. పైగా కంపెనీ నుంచి వచ్చిన సెట్టింగ్ ఎవరూ మార్చలేదు. ఊపిరి వేగాన్ని కనిపెట్టే సెన్సర్లున్న మోడళ్ళు కూడా ఉన్నాయట. వేయించుకునే ముందే మీరేం పనిచేస్తారో డాక్టరుగారికి చెప్పి, ఏ సెన్సర్ ఉందో అడగండి.

గరిష్ఠ వేగం 120 దగ్గరే ఉంచి, సెన్సర్ చిన్న కదలికకు కూడా స్పందించేలా పెంచింది. కారిడార్‌లో నడిపించింది, మెట్లెక్కించింది, మళ్ళీ తెర చూసింది. ఊరొచ్చాక వంతెన ఎక్కితే బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆటో ఎక్కితే వచ్చింది తంటా. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా, ఊరికే కూర్చున్న నాకు గుండె దడదడలాడేది. మా ఆవిడ టెన్షన్ పడిపోయింది. మళ్ళీ వెళ్తే ఒక మెట్టు తగ్గించారు. ఇప్పుడు వంతెన మీద కాస్త ఆయాసం, ఆటోలో కాస్త దడ. ఈ రాజీ నాకు నచ్చింది.

ఇంకోటి కూడా చేసింది. కొత్తలో లీడ్ చుట్టూ వాపు ఉంటుంది కాబట్టి కరెంటు ఎక్కువగా, 3.5 ఓల్టుల్లో పెడతారట. నా గుండెని కొట్టించడానికి 0.75 ఓల్టులే సరిపోతోందని పరీక్షలో తేలితే, జాగ్రత్త కోసం కొంత ఎక్కువే ఉంచి 2కి తగ్గించింది. తెర మీద బ్యాటరీ మిగులు సంవత్సరాలు అక్కడికక్కడే పెరిగాయి. ఆ పరీక్ష జరిగే కాసేపు మెడలో కొట్టుకుంటున్నట్టు, తల తేలిపోయినట్టు ఉంటుంది. ముందే చెప్పి చేసింది కాబట్టి భయపడలేదు.

సెల్‌ఫోన్ ఎడమ జేబులో పెట్టుకోవడం మానేశాను. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరంలో ఉంటాను. మిగతాదంతా మామూలే.

ఈ వైజాగ్ క్లినిక్‌కి నాలుగున్నర. అర ఎందుకు పోయిందంటే, ఒక కంపెనీ పేస్‌మేకర్‌ని ఇంకో కంపెనీ ప్రోగ్రామర్ (సెట్టింగులు చూసి మార్చే పరికరం) చదవలేదు. మన కంపెనీ ప్రోగ్రామర్ తెచ్చే మనిషి వచ్చే రోజునే మన పని జరుగుతుంది. ఆ సంగతి బోర్డు మీద ఎక్కడా రాయలేదు. ముందే ఫోన్ చేసి, మీ పేస్‌మేకర్ కార్డు మీదున్న కంపెనీ పేరు చెప్పి, ఆ రోజు వస్తారో లేదో కనుక్కుని బయల్దేరండి. భోజనం చేసి మరీ వెళ్ళండి, క్యాంటీన్‌లో మధ్యాహ్నం దాకా పొద్దుటి ఉప్మాయే.