మిన్నెసోటా చలికి ఏ గ్లౌజులు మేలు? వేటకు ఒకటి, కారు కిట్‌కు ఇంకొకటి

అక్టోబరు వచ్చిందంటే మిన్నెసోటా, విస్కాన్సిన్ దుకాణాల్లో గ్లౌజుల అరలు నిండిపోతాయి. నవంబరులో తుపాకీతో జింకల వేట మొదలవుతుంది. కారులో చలికాలపు అత్యవసర కిట్ సర్దుకోవాల్సిందీ అప్పుడే. కాస్త ఖరీదైన జత ఒకటి కొని రెండు పనులకూ వాడుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. నా తీర్పు ముందే చెబుతాను: అలా కొన్న జత రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

ఈ రెండు పనులకూ పోలికే లేదు. వేటలో గంటల తరబడి కదలకుండా కూర్చుని, చివరికి ఒక్క చూపుడువేలితో సున్నితమైన పని చేయాలి. కారు మంచులో కూరుకుపోతే పారతో మంచు తవ్వాలి, చక్రాల కింద ఇసుక పోయాలి, చల్లని ఇనుము పట్టుకోవాలి. తర్వాత తడిసిన చేతులతో సాయం కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. మొదటిదానికి వేలి స్పర్శ ముఖ్యం, రెండోదానికి మొత్తం చేతి వెచ్చదనం ముఖ్యం.

వేట ఒక్కోసారి చూస్తూండగానే ప్రాణాపాయంగా మారుతుంది. 1940 నవంబరు 11న, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజుకు గుర్తుగా ఇచ్చే ఆర్మిస్టిస్ డే సెలవు నాడు, పొద్దున వాతావరణం ఆ కాలానికి మించిన వెచ్చదనంతో ఉంది. మిసిసిపీ నది లంకలకు బాతుల వేటకు పడవల్లో వెళ్లినవారిలో చాలామంది పలుచని కోట్లతోనే బయలుదేరారు. కొన్ని గంటల్లో ఉష్ణోగ్రత దభీమని పడిపోయింది, మంచు తుఫాను ముంచుకొచ్చింది. ఒక్క మిన్నెసోటాలోనే 49 మంది చనిపోయారు, వారిలో వేటగాళ్లు చాలామంది. అందుకే వేట సంచిలోనూ ఒక జత అత్యవసరపు తొడుగులు ఉండాలంటాను.

వేళ్ల చర్మం సుమారు 15 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే చేతి నేర్పు తగ్గడం మొదలవుతుంది. ఇంకా చల్లబడితే స్పర్శే తెలియదు. వేళ్లు కొంకర్లు పోయాక జిప్పు లాగడం కూడా పెద్ద పనే. సున్నా ఫారెన్‌హీట్‌లో, అంటే మైనస్ 18 సెల్సియస్‌లో, గంటకు 24 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తగిలే చలి మైనస్ 28తో సమానం. అమెరికా వాతావరణ శాఖ పట్టిక ప్రకారం ఆ స్థితిలో కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు.

దుకాణంలో మొదట కంటపడేవి దళసరి అయిదువేళ్ల గ్లౌజులు. తొడుక్కుంటే హాయిగా ఉంటాయి, చూడటానికి దిట్టంగా ఉంటాయి. తుపాకీ దగ్గర మాత్రం నేను వాటిని అసలు ఒప్పుకోను. వేట రైఫిళ్ల ట్రిగ్గర్ సాధారణంగా కిలోన్నర, రెండు కిలోల ఒత్తిడికి కదులుతుంది. లోపల దూది, పైన తోలు ఉన్న వేలిని ట్రిగ్గర్ గార్డులోకి, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలోకి, దూరిస్తే, కుట్టు అంచు ఎప్పుడు ట్రిగ్గర్‌కు ఆనిందో వేలికి తెలియదు. అనుకోకుండా పేలే ప్రమాదం ఒకటి. పేల్చిన తర్వాత వేలి దళసరి అడ్డుపడి ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కి రాకపోవడం ఇంకొకటి. సైన్యాలకు ఇది పాత తలనొప్పే. ఎం16 రైఫిల్ ట్రిగ్గర్ గార్డును కిందికి మడిచేలా చేసింది చలికాలపు మిట్టెన్లతో, అంటే వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే తొడుగులతో, కాల్చడానికే. అమెరికా సైన్యం బొటనవేలికి, చూపుడువేలికి వేర్వేరు గదులు పెట్టి, మిగతా మూడు వేళ్లనూ ఒకే సంచిలో ఉంచే మిట్టెన్లు కుట్టించింది. లోపల ఊలు తొడుగు, పైన గట్టి గుడ్డ. సైనిక సామగ్రి అమ్మే దుకాణాల్లో అలాంటివి ఇప్పటికీ దొరుకుతాయి. కారు కిట్‌లో వేసుకోవడానికి చవకైన మంచి సరుకు. కానీ మామూలు వేట రైఫిల్ గార్డు మడవదు, కాబట్టి వేటకు వీటినీ పక్కన పెడతాను.

స్కీ పరుగు, రైఫిల్ గురి కలిసిన బయథ్లాన్ ఆట ఆడేవారిని చూసి పలుచని గ్లౌజులు చాలనుకునేవారున్నారు. వాళ్ల రైఫిల్ ట్రిగ్గర్‌కు కనీసం 500 గ్రాముల ఒత్తిడి ఉండాలన్నది నియమం, అంటే వేట తుపాకీకన్నా చాలా తేలిక. పైగా వాళ్లు మంచు మీద స్కీలతో దూసుకొచ్చి కాలుస్తారు, ఒళ్లంతా వేడెక్కి ఉంటుంది. మైనస్ 20 దాటితే పోటీయే మొదలుపెట్టరు. చెట్టు మీది మంచెలో బొమ్మలా కూర్చునే వేటగాడికి ఆ వేడి ఎక్కడిది?

మడత మిట్టెన్ల సంగతి వేరే. వేళ్ల కొసలను కప్పే టోపీలాంటి భాగాన్ని వెనక్కి మడిస్తే సగం వేళ్లు బయటపడతాయి. ఫోటోలు తీసేవారికి బాగుంటాయి. వేటలో రెండు చిక్కులు. మడత దగ్గర గాలి దూరుతుంది, వెల్క్రో ఉంటే విప్పినప్పుడు పర్రుమంటుంది. ఆ చప్పుడుకు జింక తలెత్తిందంటే పొద్దుటి నుంచి పడిన శ్రమ వృథా. అయస్కాంతంతో మూసుకునేవి కాస్త నయం. కారు కిట్‌లో మాత్రం వీటికి చోటివ్వకండి. మంచు తవ్వుతుంటే ఆ సందులోనే మంచు చేరి కరుగుతుంది.

కాల్చడానికి నా ఓటు జంట పొరలకు. లోపల పలుచని మెరీనో ఊలు గ్లౌజు, దానిమీద వదులైన పెద్ద మిట్టెన్. మిట్టెన్‌లో వేళ్లు ఒకదానికొకటి తగిలి వేడిని పంచుకుంటాయి, గాలికి తగిలే వైశాల్యమూ తక్కువ, అందుకే అదే మందం గ్లౌజుకన్నా వెచ్చన. సమయం వచ్చినప్పుడు మిట్టెన్ లాగేసి పలుచని గ్లౌజుతోనే కాలుస్తారు. మిట్టెన్లకు మెడలో వేసుకునే తాడు తప్పనిసరి. చంటిపిల్లల వ్యవహారంలా ఉందని నవ్వుకుంటారు గానీ, అమెరికా సైన్యపు ఆర్కిటిక్ మిట్టెన్లకూ అలాంటి తాడే ఉంది. వాటికి ఇంకో ముచ్చట: చేతి వెనకవైపు బొచ్చు కుట్టి ఉంటుంది, చలికి మొద్దుబారిన ముక్కునూ బుగ్గలనూ ఆనించి వెచ్చబరచుకోవడానికి. కొనేముందు తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్న రైఫిల్‌తో, సురక్షితమైన వైపు గురిపెట్టి, ఆ పలుచని గ్లౌజుతో సేఫ్టీ మీట, బోల్టు, ట్రిగ్గర్ అన్నీ పని చేసి చూడండి. గుడ్డ ఎక్కడ ముడుచుకుంటే అక్కడ అది పనికిరానిది.

గాలి తగిలితే వేడెక్కే పొట్లాలు మిట్టెన్‌లో వేసుకోవచ్చు. లోపలి ఇనుప పొడి ఆక్సిజన్‌తో కలిసినప్పుడే వేడి పుడుతుంది, కాబట్టి మరీ బిగుతైన తొడుగులో అవి మందగిస్తాయి.

ఇక కారు కిట్. ఇక్కడ రెండు జతలు కావాలి, రెండూ ఖరీదైనవి కానక్కరలేదు. ఒకటి పనికి: లోపల ఊలో ఫ్లీసో (పాలియెస్టర్ మెత్తని గుడ్డ) ఉన్న తోలు గ్లౌజులు. పందితోలు తడిసి ఆరాక కూడా మెత్తగా ఉంటుంది. మైనం పట్టిస్తే నీరూ అంత తొందరగా ఇంకదు. కొండప్రాంతాల్లో స్కీ లిఫ్టుల మీద పనిచేసేవారు కింకో కంపెనీ పందితోలు గ్లౌజులు వాడేది ఇందుకే. రెండోది ఎదురుచూపుకు: పెద్ద మిట్టెన్లు. పని ముగిశాక తడిసిన గ్లౌజులు తీసేసి పొడి మిట్టెన్లలోకి మారాలి. లోపల నూలు గుడ్డ ఉన్నవి ఎంత చవకైనా వద్దు. తడిసిన నూలు వెచ్చదనం ఇవ్వదు, ఆరదు. ఊలు చెమ్మను పీల్చుకున్నా కొంత వెచ్చగానే ఉంటుంది, ఫ్లీసు నీటిని దాదాపు పీల్చదు. కిట్ ఎవరి చేతికి పడుతుందో తెలియదు కాబట్టి ఒక సైజు పెద్దదే కొనండి. బిగుతు తొడుగు రక్తప్రసరణను అడ్డుకుని చలిని పెంచుతుంది.

పెట్రోలు పోసేటప్పుడు చేతుల మీద చిందకుండా చూసుకోండి. నీళ్లు గడ్డకట్టే చలిలోనూ పెట్రోలు ద్రవంగానే ఉండి, వేగంగా ఆవిరవుతూ చర్మంలోని వేడిని లాగేస్తుంది.

డాక్టర్లు వాడే పలుచని కృత్రిమ రబ్బరు (నైట్రైల్) గ్లౌజులు కిట్‌లో వేయడం మరవకండి, అయితే అవి వెచ్చదనానికి కావు, రక్తం తాకాల్సి వచ్చినప్పటికి. లేటెక్సు కొందరికి పడదు. ఊలు గ్లౌజు కింద నైట్రైల్ వేసుకుంటే చెమట ఊలుకు పట్టదన్న చిట్కా నిజమే, కానీ చర్మం చెమ్మగా ఉంటుంది, గంటల తరబడి భరించడం కష్టం.

మనవాళ్లకు వేరుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. హెచ్1బీ, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు దానికున్న మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి వెంట సరదాగా తుపాకీ కాల్చే రేంజికి వెళ్లేముందు కూడా ఈ సంగతి తేల్చుకోవాలి. గ్లౌజుల బేరం ఆ తర్వాత.

కిట్‌లోని మిట్టెన్లను మాత్రం డిక్కీలో పెట్టకండి. వాన పడి గడ్డకట్టిన రాత్రి డిక్కీ మూత తెరుచుకోకపోవచ్చు. ముందు సీటు కింద, జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో ఉంచితే చేతికందుతాయి, పొడిగానూ ఉంటాయి.