పెద్ద బండికి స్టీరింగ్ డంపర్: ఆరు నెలల వాడకం తరువాత

ముందువైపు బీమ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), 16 అంగుళాల రిమ్‌లు ఉన్న మా ఇరవై సీట్ల బండికి హైవే మీద గంటకు 80 కిలోమీటర్లు దాటగానే స్టీరింగ్ చేతుల్లో కొట్టుకునేది, 100 దగ్గర కాస్త సద్దుమణిగేది. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా గుణం కనబడకపోవడంతో స్టీరింగ్ కుదుపులను నూనె సాయంతో అణచే ఈ హైడ్రాలిక్ డంపర్ కొన్నాను.

బిగింపు గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. యాక్సిల్‌కు ఒక కొన, టై రాడ్‌కు (రెండు ముందు చక్రాలూ కలిసి తిరిగేలా కలిపే కడ్డీకి) మరో కొన క్లాంపులతో పట్టించాలి. అయితే చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు డంపర్ రాడ్డు సరిగ్గా సగం దూరంలో ఉండేలా చూసుకుని, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి అది ఎక్కడా అడ్డుపడడం లేదని నిర్ధారించుకోవాలి. లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా పోవాలి కనుక నెమ్మదిగా తిప్పితే తేలికగా ఉంటుంది, వేగంగా కదిలితే బిగిసిపోతుంది. అందుకే బిగించిన రోజే వణుకు దాదాపు మాయమైంది. నేనూ అక్కడే మోసపోయాను.

రెండు నెలలకే ఎడమ ముందు టైరు అంచు అలలు అలలుగా అరిగి, వణుకు తిరిగి వచ్చింది. డంపర్ విప్పి, బండిని జాకీ మీద లేపి, టైరు ట్రెడ్‌కు (రోడ్డుకు తగిలే భాగానికి) డయల్ గేజ్, అంటే సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం, ఆనించి చక్రాన్ని తిప్పితే ముల్లు మూడు మిల్లీమీటర్లకు పైగా ఊగింది. టైరు రిమ్‌లో సమంగా కూర్చోలేదు. రిమ్ అంచు పక్కన టైరు మీద ఉండే సన్నని గీత ఒకవైపు రిమ్‌కు ఆనుకుని, మరోవైపు దూరంగా ఉంది. గాలి తీసి, సబ్బునీళ్లు పూసి మళ్లీ కూర్చోబెట్టి, చక్రం బిగించే హబ్ మీది తుప్పు గీకి, అటు తరువాతే బ్యాలెన్సింగ్ చేయించాను. గుండ్రంగా లేని చక్రానికి ఎన్ని సీసం ముక్కలు అతికించినా ప్రయోజనం ఉండదు. అలాగని బ్యాలెన్సింగ్‌ను తేలికగా తీసుకోవడానికీ లేదు: ఈ కొలత రిమ్ అంచున 100 గ్రాముల తేడా ఉంటే 90 వేగంలో అది దాదాపు 9 కిలోల బరువంత బలంతో, సెకనుకు సుమారు పదిసార్లు చక్రాన్ని లాగుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది.

మిగిలిన కొద్దిపాటి వణుకుకు కారణం కింగ్‌పిన్ బుష్, అంటే ముందు చక్రం పక్కకు తిరిగే నిలువు పిన్నుకు ఆధారంగా ఉండే గొట్టం. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (వదులు) తెలిసింది. బ్రేకు తొక్కించి మళ్లీ ఊపినా ఆట పోలేదు కనుక తప్పు వీల్ బేరింగ్‌ది కాదని తేలింది. బుష్‌లు మార్చాక డంపర్ లేకుండానే 100 వేగంలో స్టీరింగ్ నిలకడగా ఉంది.

అప్పుడు దానిని తిరిగి బిగించాను. గుంతలో పడ్డప్పుడు చేతికి తగిలే దెబ్బ స్పష్టంగా తగ్గింది, ఆ పనికి దీనికి పూర్తి మార్కులు వేస్తాను. కానీ వణుకుకు మందుగా అమ్ముతున్న పెట్టె మీది మాటతో ఏకీభవించలేను. స్ప్రింగ్‌తో చక్రాలను తిన్నగా నెట్టే రకాన్ని మాత్రం నేను కొనను, ఎందుకంటే బండి ఒకవైపు లాగే లోపాన్ని కూడా అది కప్పేస్తుంది. ఆరు నెలల తరువాత రాడ్డు మీద పలుచని నూనె పొర కనబడుతోంది, బొట్లు మాత్రం కారడం లేదు. కారితే సీలు పోయినట్టే, దీనిని విప్పి బాగుచేసే వీలు లేదు, కొత్తది వేయవలసిందే.