సిడ్స్ (పసిబిడ్డ నిద్రలోనే ఉన్నట్టుండి చనిపోవడం) రాదని చెప్పి అమ్మే బేబీ బెడ్ సెట్ కొనకండి

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను, కోపం ఇంకా తగ్గలేదు. హన్మకొండలో పిల్లల సామాన్లు కొనేవాళ్లకు ఆ షాపు తెలిసే ఉంటుంది, పేరు రాయను. పురుటికి అమ్మవాళ్లింటికి వచ్చినప్పుడు అక్కడే 3,400 పెట్టి బెడ్ సెట్ తీసుకున్నాను. మెత్తటి పరుపు, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు, పాప అటూ ఇటూ దొర్లకుండా రెండు పక్క దిండ్లు. "ఇండ్ల పండుకోబెడితే సిడ్స్ భయమే లేదమ్మా, డాక్టర్లే రాస్తున్నరు" అన్నాడు షాపతను. మా చుట్టాల్లో ఒక బిడ్డ నిద్రలోనే పోయింది. ఆ భయంతో ఇంకేమీ అడగలేదు. ఏ డాక్టరు రాశారని అడగాల్సింది, అది నా తప్పే.

మొన్న రాత్రి రెండు దాటినా పాలకు లేవలేదేంటని లైటు వేశాను. మూడు నెలల పాప, కిందికి జారి, ముఖమంతా పక్క దిండులో కూరుకుపోయి ఉంది. చప్పుడు లేదు. ఎత్తుకోగానే ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుని ఏడ్చింది. చెంప మీద దిండు కుట్టు అచ్చు పడి ఉంది. తెల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నిన్న పిల్లల డాక్టరుకు చూపించాం. ఏడాదిలోపు బిడ్డ నిద్రలో చనిపోయి, పోస్టుమార్టం చేసినా కారణం దొరకకపోతే దాన్ని సిడ్స్ అంటారట. రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువట. ఊపిరి అందనప్పుడు బిడ్డను లేపే మెదడు భాగం కొందరిలో సరిగా పనిచేయదని, బోర్లా పడుకున్నా, ముఖం మెత్తటి దాంట్లో కూరుకున్నా వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారని చెప్పారు. దిష్టీ కాదు, టీకాలూ కాదు. అమెరికాలో 1994 నుంచి వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేస్తే ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఇలాంటి పక్క దిండ్ల మీద అక్కడి ప్రభుత్వం 2010లోనే హెచ్చరించింది, 13 ఏళ్లలో 12 మంది పసిపిల్లలు వాటిలో ఊపిరాడక పోయారని.

ఇదంతా ఈరోజు షాపులో చెప్పాను. డబ్బులు కూడా అడగలేదు, సిడ్స్ రాదని చెప్పి అమ్మకండి అన్నాను, అంతే. అతను ఆ సెట్టు వైపు కూడా చూడలేదు. "బిడ్డ మంచిగనే ఉంది కదమ్మా, ఇంకేం లొల్లి?" అని నా ముందే పక్కకు తిరిగి, తల్లితో వచ్చిన ఒక గర్భిణికి అదే సెట్టు తీసి చూపించాడు. అదే మాట, "సిడ్స్ భయమే లేదమ్మా." ఆమె దిండును ప్రేమగా నొక్కి చూసింది. నాకు గొంతు పట్టేసింది, ఏడుపొస్తుందని బయటికి వచ్చేశాను. ఆమెకు ఒక్క మాట చెప్పలేకపోయాను.

గట్టి పరుపు, బిగుతుగా ఒక్క దుప్పటి పరచండి, దిండ్లు వద్దు, వెల్లకిలా పడుకోబెట్టండి, మీ గదిలోనే కానీ వేరే పక్క మీద. బిడ్డ దగ్గర సిగరెట్, బీడీ పొగ అసలే వద్దు. మిగతాది మీ డాక్టరును అడగండి.

పొద్దున ఆ షాపుకు ఆకుపచ్చ చీరలో వచ్చిన ఆ గర్భిణి చెల్లెలు మీలో ఎవరైనా అయితే, ఆ దిండ్లు ఇంట్లోకి తీసుకుపోకమ్మా.