మా రేకుల గదుల మీద మూడు టర్బో వెంటిలేటర్లు: ఎనిమిదేళ్ళ వాడకం తర్వాత

మాది కర్నూలు. మిద్దె మీద రెండు రేకుల గదులున్నాయి. ముందు గదికి సిమెంటు రేకులు, వెనక గదికి కలర్ కోటెడ్ ఇనుప రేకులు. ఫ్యాక్టరీల కప్పుల మీద గాలికి గిరగిరా తిరిగే వెండిరంగు గుండ్లు చూసుంటారు కదా, అవే మూడు బిగించుకున్నాను. 2017లో ఒకటి, 2019లో ఒకటి, 2022లో ఒకటి. మూడూ 24 అంగుళాలవే, మూడూ వేర్వేరు చోట్ల కొన్నవే. కంపెనీల పేర్లు రాయను. రెండోవాళ్ళ మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు, పేరు రాస్తే సమీక్ష కాస్తా తిట్ల దండకం అవుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. నేను హైదరాబాదు బాలానగర్‌లో ప్రెస్ టూల్స్ (రేకును నొక్కి ముక్కలు తీసే అచ్చులు) చేసే షాపులో పద్దెనిమిదేళ్ళు పని చేసి వచ్చినవాణ్ని. ఏ వస్తువు చేతికొచ్చినా దాన్ని ఎట్లా తయారుచేశారు, ఎట్లా పార్సిల్ కట్టారు, బిగించేవాడు ఎక్కడ తిట్టుకుంటాడు అని చూడటం అలవాటైపోయింది. కాబట్టి ఇందులో చల్లదనం గురించి తక్కువ, రివెట్ల గురించి ఎక్కువ ఉంటుంది.

చల్లదనం సంగతి ఇక్కడే తేల్చేస్తాను. ఇది ఏసీ కాదు, కూలర్ కూడా కాదు. వేడి గాలి తేలిక కాబట్టి పైకి చేరుతుంది, దానికి దారి ఇస్తే బయటికి పోతుంది. బయట గాలి వీస్తే గుండు తిరిగి లోపలి గాలిని కాస్త ఎక్కువగా లాగుతుంది. అంతే. మా అమ్మమ్మ వాళ్ళ మట్టి మిద్దెలో గవాచి (కప్పుకు వదిలిన కన్నం) చేసింది కూడా ఇదే పని, వాన వస్తే దాని మీద బండ మూసేవాళ్ళు. గుండుకు బండ అక్కర్లేదు, తేడా అదొక్కటే. అయితే కింద నుంచి గాలి రావడానికి కిటికీ తెరిచి ఉంచాలి. అన్నీ బిగించుకుని కూర్చుంటే పైన ఎంత తిరిగినా దండగే. రేకు నుంచి నేరుగా తల మీదికి దిగే సెగనూ ఇది ఆపలేదు. మాకు అసలు తేడా తెలిసింది ఫాల్స్ సీలింగ్ వేయించాకే. సీలింగ్‌కూ రేకుకూ మధ్య నిలిచే వేడిని గుండు బయటికి తోసేస్తుంటే, మే నెలలో కూడా రాత్రి తొమ్మిదికల్లా గదిలో పడుకోగలుగుతున్నాం. అంతకు ముందు అర్ధరాత్రి దాటేది.

ఇక మొదటిది. 2017లో హైదరాబాదు నుంచి తెప్పించాను. ధర నాలుగు వేల లోపే. కొరియర్ వాళ్ళ లెక్క విని నోరెళ్ళబెట్టాను. గుండు మొత్తం ఫ్యాక్టరీలోనే బిగించి పంపుతారు కాబట్టి డబ్బా 80 సెంటీమీటర్ల పొడవు, 80 వెడల్పు, 60 ఎత్తు. కొరియర్లో చాలామంది ఈ మూడూ గుణించి 5000తో భాగించి అదే బరువంటారు. అంటే 76.8 కిలోలు! తూకం వేస్తే ఏడు కిలోలు దాటదు. మిగతా డెబ్బై కిలోలూ గాలి. గాలి పోవడానికి వస్తువు కొంటూ, గాలికే రవాణా ఖర్చు కట్టాలన్నమాట. చివరికి లారీ పార్సిల్లో వేయించాను. అక్కడ ఛార్జీ తక్కువ, కానీ మన డబ్బా మీద ఎవరిదో మోటారు పెట్టేశారు. రెండు రెక్కలు నొక్కుకుపోయి వచ్చాయి. నేనే చెక్క సుత్తితో సరిచేసుకున్నాను.

అయినా ఆ గుండు ఈ రోజుకీ చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఎందుకంటే దాన్ని ఫ్యాక్టరీలో జిగ్ (ముక్కల్ని సరైన చోట కదలకుండా పట్టే చట్రం) మీద పెట్టి బిగించారు. ప్రతి రెక్కా ఒకే దూరంలో, ఒకే వంపులో ఉంది. పైగా ఇరుసు చివర, బేరింగ్ జారకుండా పట్టే, ఊడదీయగలిగే సర్‌క్లిప్ ఉంది. ఆరో ఏడు కింది బేరింగ్ గరగరమంటే క్లిప్ తీసి చూశాను. సీలింగ్ ఫ్యాన్లలో పడే 6202 బేరింగే. బజారుకు పోయి తెచ్చి అరగంటలో మార్చేశాను. ఇలాంటి చోట నాకు డిజైన్ చేసినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది.

దాని కింద వచ్చే పీట గురించి చెప్పాలి. బేస్ ప్లేట్ అంటారు, మా ఫిట్టరు మాత్రం పీట అంటాడు. ఎఫ్‌ఆర్‌పీ (గాజు పీచు కలిపిన ప్లాస్టిక్) పీట, సిమెంటు రేకు అలలకు సరిపోయేలా అచ్చు పోసింది. ఐఎస్ 459 అనే భారతీయ ప్రమాణం ప్రకారం అలల సిమెంటు రేకుకు అల నుంచి అలకు 146 మిల్లీమీటర్లు, లోతు 48. ఏ కంపెనీ రేకైనా ఇదే కొలత కాబట్టి పీట తయారుచేసేవాడికి ఒక్క అచ్చు చాలు. అలలున్న పీటలు ఒకదాని మీద ఒకటి విస్తరాకుల్లా ఒదిగిపోతాయి. ఇరవై పీటలు కట్టినా కట్ట ఎత్తు పెద్దగా పెరగదు.

మేం చేసిన తప్పు ఒకటుంది. పీటను రేకు మీద పెట్టి, పై అంచుకు సిలికాన్ రాసి వదిలేశాం. మొదటి వానకే గోడ వెంట నీళ్ళు దిగాయి. తాటాకు కప్పు వేసేవాణ్ని అడిగినా చెప్తాడు, పై ఆకు కింది ఆకు మీదికి రావాలని. నీళ్ళు పైనుంచే కదా వచ్చేది. తర్వాత పీటను పైకి జరిపి, దాని పై అంచును కొప్పు రేకు కిందికి దూర్చాం. సిలికాన్ లేకుండానే కారడం ఆగింది. ఈ సంగతి డబ్బాలో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. ఇంకో బాధ, పీట కింద రేకుకు గుండ్రంగా కోత పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. రేకు తడిపి, మూతికి గుడ్డ కట్టుకుని కోశాం. మామూలు గుడ్డ దానికి చాలదని, సరైన మాస్క్ పెట్టుకోవాలని నాకు తెలుసు. ఆ రోజు దొరకలేదని కానిచ్చేశాం. ఇప్పుడైతే ఆ పని చెయ్యను.

రెండోది 2019 ఏప్రిల్‌లో, వెనక గది ఇనుప రేకుల కోసం. ఈసారి అమ్మేవాడు తెలివైనవాడు అనుకున్నాను. గుండును విప్పదీసి పంపాడు. 36 రెక్కలు ఒకదాంట్లో ఒకటి ఒదిగి అరచేతి మందం కట్ట, రెండు రింగులు, మెడకు (గుండు కింద ఉండే గొట్టం) చదునైన పట్టీ, ఇరుసు, ఒక రివెట్ల సంచి. డబ్బా సూట్‌కేసంత. బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చుకోవచ్చు. చూసి ముచ్చటేసింది. తయారీ కూడా సులువు, ఒక డై (రేకును కొట్టే ఇనుప అచ్చు) తో రెక్కలన్నీ టకటకా కొట్టేయొచ్చు, బిగించే కూలీ మిగిలినట్టే.

ఆ కూలీ ఎక్కడికి పోయిందో మిద్దె ఎక్కాక అర్థమైంది. రెక్కకు పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం 72 రివెట్లు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు కర్నూలు ఎండలో అల్యూమినియం రెక్క పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టే. మా ఫిట్టరు చేతికి టవల్ చుట్టుకుని మొదలుపెట్టాడు. ఇరవై రెక్కలయ్యాక చూస్తే చివర్లో సందు మిగిలేట్టుంది.

"ఏడ్నో ఒక కన్నం దాటేసినట్లుందన్నా" అన్నాడు.

"ఎన్నోదో చూడు."

"యాడ చూడాల, అన్నీ ఒకే మాదిరి ఉండాయి."

నిజమే. రింగులకు కన్నాలు చుట్టూ ఒకేలా ఉన్నాయి, గుర్తు లేదు, అంకె లేదు. రెక్కను తలకిందులు చేసి పెట్టినా పట్టేస్తుంది. తొమ్మిది రెక్కల రివెట్లు డ్రిల్లు వేసి ఊడగొట్టి మళ్ళీ కొట్టాడు. సంచిలో రివెట్లు లెక్కకు సరిగ్గా 72, ఒక్కటి అదనం లేదు. ఊడగొట్టినవాటికి బజారు నుంచి తేవాల్సి వచ్చింది. గంట పని అనుకున్నది సాయంత్రం దాకా పట్టింది, రోజు కూలీ ఇచ్చాను.

మేం ప్రెస్ షాపులో ఒక పద్ధతి పాటించేవాళ్ళం. తిరగేసి పెట్టే వీలున్న ముక్కకు ఒక పక్క చిన్న గాటు పెడతాం, లేదా రెండు కన్నాల్లో ఒకదాన్ని కాస్త పక్కకు జరుపుతాం. తప్పుగా పెడితే పట్టదు, అంతే. డై చేసేటప్పుడే పెడితే దానికయ్యే ఖర్చు లెక్కలోకి కూడా రాదు. అది చెయ్యలేదు.

గుండు ఎట్లాగో తయారైంది కానీ నిటారుగా తిరగలేదు. చేత్తో బిగించినది కదా, ఒక పక్క బరువు. గాలి పెరిగితే ఊగుతూ టకటకలాడేది. "పైన ఎవరో చాట చెరుగుతున్నట్టుంది" అంది మా ఆవిడ. ఊగేదానికి బేరింగ్ ఎన్నాళ్ళుంటుంది? రెండున్నరేళ్ళకే పట్టేసింది. మార్చుదామంటే ఇరుసు చివర క్లిప్ లేదు, సుత్తితో కొట్టి అణిచేశారు. కోయకుండా రాదు. తిరగడం ఆగిన వారంలో పావురాలు గూడు మొదలుపెట్టాయి. ఇప్పుడది అలంకారంగా ఉంది, పావురాలు రాకుండా కింద జాలీ కట్టాను. నిజం చెప్పాలంటే తిరగకపోయినా వేడి గాలి కొంత పోతూనే ఉంది, గది పూర్తిగా ఉక్కపోయదు.

దానికంటే పెద్ద తలనొప్పి పీట. ఇనుప రేకుల్లో సిమెంటు రేకుల్లాగా ఒకే కొలత లేదు. గట్టు (రేకు మీద పైకి లేచిన మడత) నుంచి గట్టుకు దూరం, గట్టు ఎత్తు, కంపెనీని బట్టి మారిపోతాయి. వీళ్ళు పంపింది చదునైన అల్యూమినియం పలక, మీద 'యూనివర్సల్' అని స్టిక్కరు. చదును పలకను గట్ల మీద పెడితే గట్టుకూ గట్టుకూ మధ్య వేలు దూరేంత సందు. దాన్ని నింపడానికి ఒక ఫోమ్ పట్టీ, రెండు సిలికాన్ ట్యూబులు. ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, సిలికాన్ ఎన్నాళ్ళు పట్టుకుంటుంది? రెండో వానాకాలానికే ఊడింది. అప్పటి నుంచి ప్రతి జూన్‌లో నేను మిద్దెక్కి సిలికాన్ పూయడం ఒక పండగైపోయింది. అయినా గాలివాన ఉత్తరం నుంచి కొడితే బకెట్ పెట్టాల్సిందే.

కొన్ని చోట్ల రేకు కంపెనీ కొలతకే అచ్చు పోసి పీట చేసిస్తారని తర్వాత తెలిసింది. ఎఫ్‌ఆర్‌పీలో అది కష్టమేం కాదు. చెక్కతో నమూనా చేసి, మైనం పూసి, గాజు మ్యాట్, రెజిన్ వేసి చేత్తోనే పోస్తారు, ఖరీదైన డై అక్కర్లేదు. గట్ల గోడలు కాస్త వాలుగా ఉంటే అచ్చు నుంచి సులువుగా ఊడివస్తుంది, రవాణాలోనూ ఒకదాంట్లో ఒకటి ఒదుగుతుంది. తయారీకి పనికొచ్చిన వాలే లారీలో చోటునూ మిగిలిస్తుంది.

మూడోది 2022లో, ముందు గదికే రెండోది. ఇది నా దృష్టిలో బాగా ఆలోచించి చేసిన సరుకు. గుండు ఫ్యాక్టరీలో బిగించిందే, మెడ మాత్రం విడిగా పట్టీలా వస్తుంది. చుట్టి కొక్కెం తగిలించి నాలుగు స్క్రూలు బిగిస్తే సరి. నేర్పు కావాల్సిన పని ఫ్యాక్టరీలో పెట్టుకుని, ఎవరైనా చెయ్యగలిగింది మనకు వదిలారు. డబ్బా ఎత్తు మూడోవంతు తగ్గింది. స్క్రూలన్నీ ఒకే సైజు, ఆరు అదనంగా ఇచ్చారు. ఆ ఆరు స్క్రూలు చూసి మా ఫిట్టరు నవ్విన నవ్వు చూడాలి.

అన్నిటికన్నా నచ్చింది, పీట విడి ముక్క కాదు, రేకంత పొడవున్న ఎఫ్‌ఆర్‌పీ రేకు. దాంట్లోనే గుండు కూర్చునే రింగు కలిపి పోశారు. పాత సిమెంటు రేకు ఒకటి తీసి ఆ స్థానంలో దీన్ని పెట్టి, జె బోల్టులు (కొక్కెంలా వంగిన బోల్టులు) బిగించడమే. కోత లేదు, దుమ్ము లేదు, సిలికాన్ లేదు. బోల్టులు అల మిట్ట మీదే పడాలి, గుంటలో పడితే నీళ్ళు దిగుతాయి, అది ఎవరికైనా తెలిసిందే. పని మొత్తం గంటంబావు. ఒకటే ఇబ్బంది, రెండు మీటర్ల రేకు కొరియర్లో రాదు, లారీలోనే రావాలి. వెళ్ళి తెచ్చుకున్నాను.

లోపాలు లేవని కాదు. మూడేళ్ళకే ఆ ఎఫ్‌ఆర్‌పీ రేకు పసుపు తిరిగింది, చెయ్యి పెడితే గాజు పీచు గుచ్చుకునేది. పైన రెజిన్ పొర పలచగా వేసినట్టున్నారు. తర్వాత రంగు కొట్టించాను. కోతులు ఒకసారి గుండు మీద కూర్చుని ఊగాయి, ఒక రెక్క వంగింది. దానికి కంపెనీని ఏమనలేం.

పోయిన నెల నంద్యాలలో మా చెల్లెలు ఇనుప రేకుల గది వేయించుకుంది. గుండు కావాలంది. ఒక అమ్మకందారుకు రేకు గట్ల మీద టేపు పెట్టి ఫొటో తీసి పంపి, ఈ కొలతకు పీట ఉందా అని అడిగాను. "అన్ని రేకులకూ సరిపోద్ది సార్, యూనివర్సల్" అని జవాబొచ్చింది. ఇంకో ఇద్దరికి అదే ఫొటో పంపాను. ఒకాయన మాత్రం గట్టు ఎత్తెంత, కొప్పు నుంచి ఎంత దూరంలో పెడతారు అని తిరిగి అడిగాడు. ఆయన దగ్గర ధర ఎనిమిది వందలు ఎక్కువ. అడ్వాన్సు పంపేశాను.