గాంధీ రోడ్డులో కాయిన్ బ్యాటరీలు, హోల్‌సేల్ రేటుకి

కారు తాళం, నాన్న షుగర్ మిషను, వంటింటి కాటా, మా ఇంట్లో అన్నిటికీ సీఆర్2032 బ్యాటరీయే. వీధి చివరి కొట్లో ఒక్కోటి 40 రూపాయలు. తిరుపతి గాంధీ రోడ్డు సందులో వాచీ సామాన్ల అంగడి ఒకటుంది. అక్కడ ఐదేసి ఉండే స్ట్రిప్పులు నాలుగు తీసుకుంటే ఒక్కోటి 22కే పడింది.

"డేటు చూసుకోక్కా, మళ్లీ నన్ననొద్దు" అని కొట్టాయనే స్ట్రిప్పు తిప్పి చూపించాడు. మీటరు పెట్టమంటే విసుక్కోకుండా పెట్టాడు. 3.2 వోల్టుల పైనే చూపించింది. సీఆర్2032 లేకపోతే సీఆర్2025 బ్యాటరీ అంటగట్టే రకం కాదు. వోల్టేజీ ఒకటే గానీ అది 2.5 మిల్లీమీటర్ల మందమే, కాటాలో వదులుగా ఆడుతుంది.

ప్యాకింగ్ కత్తెర పెడితేగానీ తెగదు. నాకదే నచ్చింది. ఇంట్లో పాకే బిడ్డ ఉంది. ఈ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

ఎల్ఆర్44 అనే చిన్న బటన్ బ్యాటరీలు మాత్రం విడివిడిగా కవర్లో పోసిచ్చాడు. ఒకదానికొకటి తగిలితే చార్జి దిగిపోదూ? వద్దని వెనక్కిచ్చేశాను. బిల్లు అడిగితేనే రాస్తాడు, అడగండి.