కోనసీమ పిల్లల పద్యనాటక శిక్షణ: పద్ధతి బాగుంది, శ్రుతి దించాలి

అమలాపురం దగ్గర వేసవిలో నడిచే ఈ శిక్షణలో 13–16 ఏళ్ల పిల్లలు హరిశ్చంద్ర కాటి సీను ఆడతారు. కొడుకు శవాన్ని ఒళ్లో పెట్టుకున్న తల్లి దుఃఖం ఆ వయసుకు అందదు. అందుకే ముందు పద్యాన్ని వచనంలా చదివించి, అర్థం వాళ్ల మాటల్లో చెప్పించి, ఆ తర్వాతే రాగం ఎత్తిస్తారు. సీసపద్యంలో ఊపిరి తీసుకునే చోట పెన్సిల్ గీత పెట్టిస్తారు. ఎంత మంచి పద్ధతో!

లోపమల్లా శ్రుతి, అంటే పాడే స్థాయి దగ్గరే. గొంతు మారే మగపిల్లలకు కూడా పెద్దల్లా నాలుగు శ్రుతి పెడుతున్నారు; పైషడ్జం (పై ‘స’) దగ్గర గొంతు చీలుతోంది. హార్మోనియం ఒకటిన్నర శ్రుతికి దించి, ఆలాపన సగం కోయాలి. గొంతు నొప్పంటే ఆరోజు పాడించకూడదు. ఆ తల్లి చంద్రమతి వేషం వేసిన అమ్మాయి మాత్రం ఏడవకుండా, పద్యం మధ్యలో ఆగి ఊరకే చూసింది. పందిరంతా నిశ్శబ్దం.