ఉల్మ్ మ్యూన్‌స్టర్ రివ్యూ: మెట్లు తర్వాత, ముందు స్తంభాలు చూడండి

జర్మనీలో స్టుట్‌గార్ట్, మ్యూనిక్ మధ్య రైల్లో తిరిగే తెలుగువాళ్ళలో ఉల్మ్‌లో దిగేవాళ్ళకు సాధారణంగా ఒకటే పని ఉంటుంది. అక్కడి పెద్ద చర్చి మ్యూన్‌స్టర్ గోపురం 768 మెట్లెక్కాలి, పైన ఫొటో దిగాలి. అందుకోసమే వెళ్ళినా డబ్బులు దండగేమీ కాదు. కాకపోతే ఓపికంతా మెట్ల మీదే అయిపోయి, దిగాక కింది చర్చిని పది నిమిషాల్లో చుట్టేసి బయటపడతారు. ఇది తిరగేసి చేయాల్సిన పని. పైగా 'ప్రపంచంలోనే ఎత్తైన చర్చి' అన్న పేరు 2025 అక్టోబరులో బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియాకు వెళ్ళిపోయింది. ఉల్మ్ గోపురం 161.53 మీటర్లు. ఆ బిరుదు పోయినందుకు చూసేవాళ్ళకు తగ్గిందేమీ లేదు. ఇక్కడి అసలు సరుకు వేరే ఉంది: ఒక ఊరి జనం పునాది మోయగలిగినదానికి మించి కట్టడం మొదలుపెట్టారు, అది కుంగబోతే నిలబెట్టుకున్నారు. ఆ మరమ్మతు ఈనాటికీ లోపల కళ్ళెదుటే ఉంది.

ముందు ఒక సవరణ. యూట్యూబ్ వీడియోల్లో దీన్ని 'కేథడ్రల్' అంటుంటారు. కేథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉండే చర్చి. ఉల్మ్‌లో బిషప్ ఎప్పుడూ లేడు. ఈ ప్రాంతం మధ్యయుగంలో కాన్‌స్టాన్స్ బిషప్ కిందికి వచ్చేది. ఇది ఊరి చర్చి, అంతే. అంతకుముందున్న చర్చి ఊరి గోడల బయట పొలాల వైపు ఉండేది. 1376లో నాలుగో చార్లెస్ చక్రవర్తి ఊరిని ముట్టడించినప్పుడు ప్రార్థనకు వెళ్ళే దారి కూడా లేకపోయింది. దాంతో గోడల లోపలే కొత్తది కట్టాలని తీర్మానించి 1377 జూన్ 30న శంకుస్థాపన చేశారు. అప్పటి ఊరి జనాభా పది వేలు కూడా లేదు, ఖర్చు మాత్రం ఊరివాళ్ళదే. పాత చర్చిని విప్పి తెచ్చిన శిల్పాలు కొన్ని ఇప్పటికీ పక్క ద్వారాల పైన ఉన్నాయి. లోపల ఒక స్తంభం మీద చిన్న శిల్పఫలకం ఒకటి ఉంటుంది, వెతికి చూడండి: మేయరు లుట్స్ క్రాఫ్ట్, అతని భార్య కలిసి చర్చి నమూనాను మేస్త్రీ వీపు మీదికి ఎత్తుతుంటారు. బరువు ఎవరి మీద పడబోతోందో అందులో బాగానే చెప్పారు.

ఆ మొదటి మేస్త్రీ హైన్‌రిఖ్ పార్లర్. ఆయన వేసిన ప్లాను హాలు చర్చి. అంటే మధ్యశాల, రెండు పక్కశాలలు మూడూ దాదాపు ఒకే ఎత్తు, ఒకే వెడల్పు, ఒక్కోటి సుమారు 15 మీటర్ల వెడల్పు. అలాంటి కట్టడంలో మధ్య కప్పు తోపుడును పక్క కప్పులు ఆనుకుని పట్టుకుంటాయి. గోపురం మరీ పెద్దది కానక్కర్లేదు. 1392లో ఉల్రిఖ్ ఫాన్ ఎన్‌సింగెన్ వచ్చి లెక్కంతా మార్చేశాడు. మధ్యశాలను పక్కశాలలకు రెట్టింపు ఎత్తుకు లేపాలన్నాడు, పడమటి వైపు మహా గోపురం ఒకటి చాలన్నాడు. ఇప్పుడు మధ్యశాల ఎత్తు 41.6 మీటర్లు, పక్కశాలలది సుమారు 20.5. వెడల్పులు, పునాదులు మాత్రం పార్లర్ చిన్న ప్లానుకు వేసినవే. చిక్కంతా అక్కడ మొదలైంది.

ఉల్రిఖ్ తర్వాత అతని అల్లుడు, మనవలు, వాళ్ళ తర్వాత మరికొందరు పని సాగించారు. 1471లో మధ్యశాలకు రాతి కప్పు పడింది. తర్వాత వచ్చిన మత్తేవుస్ బోబ్లింగర్ శిఖరానికి కొత్త నక్షా గీసి గోపురాన్ని ఇంకా పైకి తీసుకెళ్తుండగా, 1490లలో గోపురం కింది కప్పు నుంచి రాళ్ళు రాలాయి. అప్పుడు ఆరాధన జరుగుతోంది. బోబ్లింగర్ ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. నిజానికి తప్పు అతనొక్కడిదే కాదు. వంద సంవత్సరాల కింద వేరే బరువుకు తవ్విన పునాది మీద ముగ్గురు నలుగురు మేస్త్రీలు వరసగా బరువు పెంచుతూ పోయారు. చివరికి ఎవరి వంతులో బీట కనబడిందో అతని నెత్తిన పడింది.

ఆగ్స్‌బుర్గ్ నుంచి బుర్క్‌హార్ట్ ఎంగెల్‌బెర్గ్‌ను పిలిపించారు. ఈ చర్చిలో అందరికన్నా గొప్ప పనివాడు ఎవరంటే మా ఓటు ఈయనకే. గోపురం కింద పునాదిని బలపరిచాడు, గోపురానికి ఇరువైపులా పక్కశాలల్లోకి తెరుచుకున్న పెద్ద కమానులను గోడ కట్టి మూసేశాడు. 15 మీటర్ల వెడల్పున్న పక్కశాలల కప్పులు బీటలిచ్చాయి కాబట్టి 1502 నుంచి 1507 దాకా వాటిని తీసేసి, ఒక్కో శాల మధ్యలో సన్నని గుండ్రటి స్తంభాల వరస నిలబెట్టి రెండేసి చేశాడు. కమాను వెడల్పు సగమైతే అది గోడను బయటికి నెట్టే బలం కూడా బాగా తగ్గుతుంది. అలా మూడు శాలల చర్చి ఐదు శాలలదైంది. కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని అలంకారం అనుకుంటారు. కాదు, అవి ఊతకర్రలు.

దీన్ని సరిగా చూడాలంటే ద్వారం దాటగానే బలిపీఠం వైపు నడిచిపోకండి. దక్షిణం లేదా ఉత్తరం పక్కశాలలోకి జరిగి, సన్న స్తంభాల వరసకు సూటిగా తూర్పు ముఖం పెట్టి నిలబడండి. ఒక పక్క మధ్యశాలను మోసే లావు స్తంభాలు, ఇటు వేలిముక్కల్లాంటి ఎంగెల్‌బెర్గ్ స్తంభాలు ఒకే చూపులో పడతాయి. తలెత్తితే పక్కశాల కప్పులో రాతి పక్కటెముకలు ఎలా అల్లుకున్నాయో చూసి, తర్వాత మధ్యశాల కప్పును చూడండి. రెంటికీ మధ్య ఒక తరం వయసు తేడా ఉందని చెప్పకుండానే తెలుస్తుంది. ఈ ఒక్క చోట పావుగంట ఉన్నా ఎక్కువ కాదు.

తూర్పున బలిపీఠం ఉండే భాగం, అంటే క్వైర్, ఈ చర్చికి రావడానికి రెండో గట్టి కారణం. యోర్గ్ జూర్లిన్ పెద్దాయన 1469–1474 మధ్య చెక్కించిన ఓక్ చెక్క ఆసనాలు అక్కడ రెండు వైపులా బారులు తీరి ఉంటాయి. మూడు అంచెలు గుర్తుపెట్టుకుంటే చాలు: కింద క్రీస్తును ఎరగని ప్రాచీనులు, నడుమ పాత నిబంధన వాళ్ళు, పైన అపొస్తలులు, పరిశుద్ధులు. ఉత్తరం వైపు మగవాళ్ళు, దక్షిణం వైపు ఆడవాళ్ళు. అంచుల మీద ఉన్న విగ్రహాలు చూడండి, పైథాగరస్, టాలెమీ, సిసెరో, వర్జిల్, సెనెకా ఒకవైపు, జోస్యం చెప్పే సిబిల్లు మరోవైపు. చర్చి లోపల బలిపీఠానికి అంత దగ్గరగా గ్రీకు, రోమను పండితులను కూర్చోబెట్టడం పదిహేనో శతాబ్దం ఊరి పెద్దల అభిరుచికి సాక్ష్యం. ముఖాలు సాధువుల ముఖాల్లా ఉండవు; బజార్లో కనిపించే మనుషుల్లా ఉంటాయి, ముడతలతో సహా. చేత్తో తాకకండి. ఫొటోకు ఫ్లాష్ కొడితే చెక్క మీది మెరుపు తప్ప ఏమీ రాదు.

క్వైర్‌కు ఉదయమే వెళ్ళండి. కిటికీలు తూర్పుకు ఉన్నాయి కాబట్టి రంగుటద్దాలు పొద్దున్నే వెలుగుతాయి. 1480 ప్రాంతంలో స్ట్రాస్‌బుర్గ్‌లో పీటర్ హెమ్మెల్ పనివాళ్ళు చేసిన నగరసభ కిటికీ, వర్తకుల కిటికీ అక్కడివే. కిటికీల ఖర్చు ఎవరు పెట్టుకున్నారో పేర్లలోనే ఉంది. క్వైర్ ఎదుటి కమాను మీద 1471 నాటి అంత్యతీర్పు చిత్రం చాలా పెద్దది. మధ్యలో కొంతకాలం సున్నం కింద ఉండి 1880లో మళ్ళీ బయటపడింది. దానికి మాత్రం మధ్యశాలలో సగం దూరం వెనక్కి వచ్చి చూడాలి, దగ్గర నుంచి మెడ నొప్పి తప్ప మిగలదు. అక్కడే ఎడమ వైపున ప్రభువు భోజనపు రొట్టె ఉంచడానికి చేసిన రాతి గూడు 26 మీటర్లు లేస్తుంది.

ఇంత పెద్ద చర్చిలో బలిపీఠాలు ఇన్ని తక్కువెందుకని అనిపిస్తే జవాబు 1531లో ఉంది. అంతకు ముందు ఏడాది ఊరి పౌరులు ఓటు వేసి ప్రొటెస్టంట్ సంస్కరణ వైపు మొగ్గారు, తర్వాత అరవైకి పైచిలుకు బలిపీఠాలను తీసేశారు. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్ళు ఒకటి గమనించాలి. ఇప్పుడిది లూథరన్ చర్చే, కానీ ఆ తొలి ఏళ్ళలో ఉల్మ్ మీద స్విట్జర్లాండ్, స్ట్రాస్‌బుర్గ్ సంస్కర్తల ప్రభావం ఎక్కువ. అందుకే లూథరన్ న్యూరెంబర్గ్‌లో బొమ్మలు నిలిచాయి, ఇక్కడ పోయాయి. హన్స్ ముల్ట్‌షర్ 1433లో చేసిన కార్గ్ బలిపీఠం దగ్గర ఆ దెబ్బలు చూడొచ్చు: ముఖ్యమైన విగ్రహాలను చెక్కేసిన ఖాళీ మిగిలింది. అదే శిల్పి 1429లో చేసిన 'వేదనామూర్తి' క్రీస్తు మాత్రం బతికింది. పడమటి ద్వారం దగ్గరున్నది నకలు, అసలుది లోపల భద్రంగా ఉంది. నకలు చూసి 'చూసేశాం' అనుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ.

1543లో పని ఆగిపోయింది. అప్పటికి గోపురం చతురస్ర భాగమే లేచింది. మూడు వందల ఏళ్ళు మొండిగానే ఉంది. 1844లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ముందు చెయ్యి పడింది శిఖరం మీద కాదు. ఎత్తైన మధ్యశాల గోడలను బయటి నుంచి పట్టుకునే ఎగిరే కమానులు కట్టారు. అసలు కట్టినప్పుడు ఆ పని వదిలేశారు మరి. క్వైర్ పక్కన జంట గోపురాలు 1880కి పూర్తయ్యాయి, పెద్ద గోపురం పునాదిని ఇంకోసారి బలపరిచాక ఆగస్ట్ బేయర్ చేతుల మీద అష్టకోణ భాగం, జాలీ శిఖరం లేచి 1890 మే 31న ముగిసింది. కాబట్టి కింద నుంచి చూసి 'మధ్యయుగపు శిఖరం' అనకండి. నమూనా బోబ్లింగర్‌ది, రాయి పంతొమ్మిదో శతాబ్దానిది. 1944 డిసెంబరు 17 రాత్రి బాంబుదాడిలో పాత ఊరు చాలా మటుకు నేలమట్టమైనా చర్చి పెద్దగా దెబ్బతినకుండా నిలిచింది.

ఇక మెట్లు. చర్చిలోకి ప్రవేశం ఉచితం, గోపురానికి టికెట్టు వేరే. లిఫ్టు లేదు. 70, 102, 143 మీటర్ల దగ్గర ఆగి చూసే చోట్లు ఉన్నాయి; 768 మెట్లూ ఎక్కితే 143 దగ్గర తేలతారు. పై భాగం మరమ్మతుల కోసం మూసి ఉండే రోజులు తక్కువేమీ కావు, గాలి, పిడుగులు ఉంటే అసలు ఎక్కనివ్వరు. అందుకని 'ఈ రోజు ఎంతవరకు తెరిచారు' అన్నది టికెట్టు కొనే ముందే అడగండి. పైదాకా అనుకుని డబ్బు కట్టి సగంలో వెనక్కి రావడం ఇక్కడి మామూలు ఫిర్యాదు. చివరి ఎంట్రీ మూసే సమయానికి బాగా ముందే ఆపేస్తారు. చార్మినార్ చుట్టుమెట్లు ఎక్కినవాళ్ళకు ఇరుకు ఎలా ఉంటుందో తెలుసు. ఇక్కడ అదే ఇరుకు, ఐదింతలు మెట్లు. చివరి విడతలో ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఒకే మెట్ల మీద ఎదురుపడతారు, బ్యాక్‌ప్యాక్ ఉంటే ఇద్దరికీ ఇబ్బందే. స్టేషను లాకర్లో పడేసి వెళ్ళండి. మోకాళ్ళ నొప్పి, రక్తపోటు, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు 70 మీటర్ల దగ్గర ఆగిపోవచ్చు. రాతి నీటి తూములను, ఎగిరే కమానులను దగ్గరగా చూడ్డానికి ఆ ఎత్తే మేలు. పైకి వెళ్తే డాన్యూబ్, ఆవలి ఒడ్డున బవేరియాలోని నోయ్-ఉల్మ్, తెరిపి రోజున దక్షిణాన ఆల్ప్స్ కనబడతాయి. దిగేటప్పుడే కాళ్ళు వణుకుతాయి, ఎక్కేటప్పుడు కాదు. నీళ్ళు తాగి మొదలుపెట్టండి.

మెచ్చుకోలేనివి రెండు. ఒకటి పరంజాలు. ఏ వైపు నుంచి ఫొటో తీసినా ఏదో ఒక మూల గొట్టాలు, వలలు పడతాయి. ఇది నిర్లక్ష్యం కాదు. ఇసుకరాయి నీళ్ళు పీల్చి, లవణాలు పేరుకుని, పొరలుగా ఊడుతుంది. చర్చికి సొంత రాతిపనివాళ్ళ కార్ఖానా ఉంది. ఒక మూల ముగిసేసరికి ఇంకో మూల పిలుస్తుంది. ఇలాంటి చర్చి కార్ఖానాల పద్ధతిని 2020లో యునెస్కో కూడా గుర్తించింది. గోడల మీద మూత్రం పోయడం వల్ల కింది రాళ్ళు తినేసుకుపోతున్నాయని ఆ కార్ఖానా పెద్ద 2016లో పత్రికల ముందు మొత్తుకున్నాడు. ఈ తరహా సమస్య మనవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండోది లోపలి చలి. ఎండాకాలంలో కూడా గంట కూర్చుంటే స్వెట్టరు కావాలనిపిస్తుంది.

ఉల్మ్ స్టేషను నుంచి షాపుల వీధిలో పది నిమిషాల నడక. బుధ, శనివారాల పొద్దున చర్చి ముందు మైదానంలో కూరగాయల సంత ఉంటుంది, కడుపుకు అదే చవక. ఆదివారం ఆరాధన సమయంలో తిరగనివ్వరు. మొత్తం ముఖం ఫొటోలో పట్టాలంటే మైదానంలో ఎంత వెనక్కి జరిగినా చాలదు. డాన్యూబ్ దాటి నోయ్-ఉల్మ్ ఒడ్డు నుంచి తీయండి. కప్పు మీద గడ్డిపోచ పట్టుకున్న పిచ్చుక బొమ్మ ఉల్మ్ ముద్దుల గుర్తు. దాని కథ సావనీరు షాపువాళ్ళే చెప్తారు.

టైము రెండు గంటలే ఉంటే గోపురం వదిలేయండి: పక్కశాలలకు అరగంట, క్వైర్‌కు ముప్పావుగంట, మిగతాది బయటి ద్వారాలకు. మూడున్నర గంటలుంటే అన్నీ అయ్యాక ఎక్కండి. మా లెక్కలో కింది చర్చికి ఐదుకు ఐదు, గోపురానికి పైదాకా తెరిచిన రోజున నాలుగు, 102 దగ్గరే ఆపిన రోజున మూడు.